సిఎల్-హూతో వెబ్ పేజీలు: లిస్ప్ బ్రాకెట్ల నుంచి హెచ్‌టిఎమ్ఎల్ ట్యాగుల దాకా

హెచ్‌టిఎమ్ఎల్ పేజీ అంటే ఒక ట్యాగు కడుపులో ఇంకో ట్యాగు, దాని కడుపులో మరొకటి. లిస్ప్ ప్రోగ్రామూ అంతే, బ్రాకెట్లో బ్రాకెట్. రెండిటి ఆకారమూ ఒకటే అయినప్పుడు పేజీ కోసం వేరే టెంప్లేట్ భాష నేర్చుకోవడం దేనికి? లిస్ప్ జాబితానే ట్యాగుగా రాసేస్తే సరిపోతుంది కదా! కామన్ లిస్ప్‌లో ఆ పని చేసిపెట్టే లైబ్రరీలు చాలా ఉన్నాయి. నేను రోజూ వాడేది సిఎల్-హూ. రాసినాయన ఎడి వైట్జ్, హంచెన్‌టూట్ వెబ్ సర్వర్ రాసింది కూడా ఆయనే. అందులోని ముఖ్యమైన మాక్రో (కంపైల్ వేళ వేరే లిస్ప్ కోడ్‌గా విప్పుకునే ఫారం) పేరు విత్-హెచ్‌టిఎమ్ఎల్-అవుట్‌పుట్. ఆ మూడు మాటల ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపితేనే "హూ" వచ్చింది.

ఈ లైబ్రరీ చిన్నది. మాన్యువల్ ఒక్క పూటలో చదివేయొచ్చు. అయినా కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట తడబడతారు. ఈ క్షణంలో నేను రాస్తున్న బ్రాకెట్ ట్యాగు కిందికొస్తుందా, లిస్ప్ కిందికొస్తుందా అన్నది తేల్చుకోలేకపోతారు. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

కోడ్ గురించి ముందుగా ఒక మాట. ఇక్కడ కోడ్‌ని కూడా తెలుగు లిపిలోనే, పలికే తీరులో రాశాను. కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు లిస్ప్ పదాలనూ ట్యాగుల పేర్లనూ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకోండి. ఎస్‌టిఆర్, ఈఎస్‌సి, హెచ్‌టిఎమ్, ఎఫ్ఎమ్‌టి అని కనిపించిన చోట ఆ అక్షరాలనే వరసగా కొట్టాలి. పనుల-జాబితా లాంటి మన సొంత పేర్లను మాత్రం తెలుగులోనే ఉంచవచ్చు. ఫైలు యూటిఎఫ్-8లో ఉంటే ఎస్‌బిసిఎల్ అనే లిస్ప్ కంపైలరు వాటిని చక్కగా చదువుతుంది.

## సరంజామా

కావలసినవి రెండు: ఎస్‌బిసిఎల్ కంపైలరు, లైబ్రరీలు దింపిపెట్టే క్విక్‌లిస్ప్. క్విక్‌లిస్ప్ ఎక్కించుకున్నాక ప్రాంప్ట్ దగ్గర ఇది కొట్టండి:

```
(క్యూఎల్:క్విక్‌లోడ్ :సిఎల్-హూ)
```

తర్వాత ఒక ఫైలు తెరిచి, పైన ఈ రెండు ముక్కలూ పెట్టండి:

```
(డెఫ్‌ప్యాకేజ్ :నా-పనులు
  (:యూజ్ :సిఎల్ :సిఎల్-హూ))
(ఇన్-ప్యాకేజ్ :నా-పనులు)
```

రెండో వరసలో సిఎల్-హూని యూజ్‌లో చేర్చడం మర్చిపోవద్దు. అది లేకపోతే మీరు రాసే ఎస్‌టిఆర్, హెచ్‌టిఎమ్ మీ ప్యాకేజీలోని వేరే పేర్లుగా మిగిలిపోతాయి, లైబ్రరీ వాటిని గుర్తుపట్టదు. "అలాంటి ఫంక్షన్ లేదు" అని కంపైలరు గొణిగితే మొదట చూడాల్సింది ఇక్కడే.

## మొదటి ట్యాగు

```
(విత్-హెచ్‌టిఎమ్ఎల్-అవుట్‌పుట్ (*స్టాండర్డ్-అవుట్‌పుట్*)
  (:పి :క్లాస్ "గమనిక" "నమస్కారం, " (:బి "మిత్రమా")))
```

దీనికి తెర మీద వచ్చేది:

```
<పి క్లాస్='గమనిక'>నమస్కారం, <బి>మిత్రమా</బి></పి>
```

కోలన్‌తో మొదలయ్యే పదం బ్రాకెట్లో మొదట ఉంటే అది ట్యాగు. వెంటనే జతలుజతలుగా వచ్చేవి యాట్రిబ్యూట్లు. జతలు అయిపోయాక మిగిలిందంతా ట్యాగు లోపలి సరుకు. కొటేషన్లలో ఉన్న మాట ఉన్నదున్నట్టు పేజీలోకి వెళ్తుంది. ముగింపు ట్యాగు మీరు రాయక్కర్లేదు, మర్చిపోయే అవకాశమూ లేదు. బ్రాకెట్ మూసుకుంటే ట్యాగు మూసుకున్నట్టే.

ప్రాంప్ట్ దగ్గర దీన్ని నడిపితే అదే వాక్యం రెండోసారి కొటేషన్లలో కనిపిస్తుంది. కంగారుపడకండి. మొదటిది నిజంగా ప్రవాహంలోకి (అవుట్‌పుట్ వెళ్లే స్ట్రీమ్‌లోకి) రాసినది, రెండోది ఆ ఫారం తిరిగి ఇచ్చిన విలువ. ఈ తేడా గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

## లోపల జరిగేది

ఇదే కోడ్‌ని మాక్రోఎక్స్‌పాండ్-1 కి ఇచ్చి చూడండి. ట్యాగులూ జాబితాలూ మాయమై, లోపల మిగిలేది దాదాపు ఇంతే:

```
(రైట్-స్ట్రింగ్
  "<పి క్లాస్='గమనిక'>నమస్కారం, <బి>మిత్రమా</బి></పి>"
  *స్టాండర్డ్-అవుట్‌పుట్*)
```

మారని ముక్కలన్నిటినీ కంపైల్ అయ్యే వేళే ఒకే పొడవాటి స్ట్రింగ్‌గా కుట్టేసింది. పేజీ అడిగిన ప్రతిసారీ చెట్టు ఎక్కి దిగే పనే లేదు. నాకు ఈ లైబ్రరీ మీద ఇష్టం కలిగింది సరిగ్గా ఇక్కడే. పేజీలో తొంభై పాళ్లు మారనిదైతే, నడిచే వేళ జరిగే పని మిగతా పదిపాళ్లే.

కానీ దీనికో పర్యవసానం ఉంది. సిఎల్-హూ మీ కోడ్‌ని చూసేది నడిచే వేళ కాదు, కంపైల్ వేళ. పైనుంచి నడుచుకుంటూ వస్తుంది. స్ట్రింగ్ కనిపిస్తే తీసుకుంటుంది, కోలన్ పదం కనిపిస్తే ట్యాగు అనుకుంటుంది. మరేదైనా కనిపిస్తే, ఉదాహరణకు డూలిస్ట్, ఇఫ్, లెట్ లేదా మీ ఫంక్షన్ పిలుపు, "ఇది లిస్ప్‌ది, నాకు సంబంధం లేదు" అని చెయ్యి పెట్టకుండా వదిలేస్తుంది. అక్కడితో ట్యాగుల లోకం ఆగి లిస్ప్ లోకం మొదలవుతుంది.

## రెండు లోకాలు, నాలుగు గుమ్మాలు

ఒక పనుల జాబితా తీసుకుందాం. ప్రతి పనికీ పేరు, అయిందో లేదో తెలిపే విలువ (అయితే టి, కాకపోతే నిల్) ఉంటాయి.

```
(డెఫ్‌పారామీటర్ *పనులు*
  '(("ఉత్తరం రాయాలి" టి)
    ("<బి> ట్యాగు గురించి చదవాలి" నిల్)
    ("పాత ఫైళ్లు సర్దాలి" నిల్)))
```

మొదటిసారి రాసేవాళ్లు ఇలా రాస్తారు:

```
(:యూఎల్
  (డూలిస్ట్ (పని *పనులు*)
    (:ఎల్ఐ (ఫస్ట్ పని))))
```

చదవడానికి బాగానే ఉంది, కానీ ఇందులో రెండు తప్పులున్నాయి. డూలిస్ట్ దగ్గర లిస్ప్ లోకం మొదలైంది కాబట్టి, దాని లోపలి ఎల్ఐని లిస్ప్ ఒక ఫంక్షన్ పిలుపుగా చదువుతుంది. ఆ పేరుతో ఫంక్షన్ ఏదీ లేదు గనక కంపైలరు అరుస్తుంది. ఇది మంచి తప్పు, వెంటనే పట్టుబడుతుంది. దాన్ని, మళ్లీ ట్యాగుల లోకంలోకి తెచ్చే హెచ్‌టిఎమ్‌తో సరిదిద్దితే:

```
(:యూఎల్
  (డూలిస్ట్ (పని *పనులు*)
    (హెచ్‌టిఎమ్
      (:ఎల్ఐ (ఫస్ట్ పని)))))
```

ఇప్పుడు కంపైలరు అరవదు. పేజీ తెరిస్తే మాత్రం మూడు చుక్కలు కనిపిస్తాయి, వాటి పక్కన ఏమీ ఉండదు. ఎల్ఐ లోపలున్న (ఫస్ట్ పని) మళ్లీ లిస్ప్‌ది. సిఎల్-హూ దాన్ని నడవనిస్తుంది గానీ వచ్చిన విలువను పేజీలో రాయదు. రాయమని మనం చెప్పలేదు కదా.

ఈ రెండు లోకాల మధ్య గుమ్మాలు నాలుగు. లిస్ప్‌లోంచి తిరిగి ట్యాగుల్లోకి రావడానికి హెచ్‌టిఎమ్. లిస్ప్ విలువను ఉన్నదున్నట్టు పేజీలో పెట్టడానికి ఎస్‌టిఆర్. అదే విలువను ప్రమాదకరమైన గుర్తులు మార్చి పెట్టడానికి ఈఎస్‌సి. ఫార్మాట్ చేసి పెట్టడానికి ఎఫ్ఎమ్‌టి. డూలిస్ట్‌కే కాదు, లూప్, వెన్, కాండ్, లెట్ అన్నిటికీ ఇదే లెక్క. ఇఫ్ రాస్తే రెండు కొమ్మలకూ వేర్వేరుగా హెచ్‌టిఎమ్ కావాలి.

## ఎస్‌టిఆర్ కాదు, ఈఎస్‌సి

మన జాబితాలో రెండో పని పేరు చూడండి: "<బి> ట్యాగు గురించి చదవాలి". దాన్ని ఎస్‌టిఆర్‌తో రాస్తే బ్రౌజరు ఆ <బి>ని నిజం ట్యాగుగా తీసుకుంటుంది. మూసేవాళ్లు లేరు కాబట్టి అక్కడి నుంచి కింది అక్షరాలన్నీ లావెక్కుతాయి. బొద్దు అక్షరాలైతే ఫరవాలేదు. అదే చోట ఎవరో బయటివాళ్లు స్క్రిప్ట్ ట్యాగు రాసిపెడితే, అది మీ పేజీ తెరిచిన ప్రతి ఒక్కరి బ్రౌజరులోనూ నడుస్తుంది.

కాబట్టి నా నియమం ఇది: స్ట్రింగ్ ఎక్కడి నుంచి వచ్చినా ముందు ఈఎస్‌సి రాస్తాను. ఎస్‌టిఆర్ రాయాలంటే దానికి కారణం ఉండాలి. విలువ అంకె అయినప్పుడు, లేదా నేనే తయారు చేసిన హెచ్‌టిఎమ్ఎల్ ముక్క అయినప్పుడు మాత్రమే ఎస్‌టిఆర్. అంకెల దగ్గర అది తప్పనిసరి కూడా, ఈఎస్‌సి స్ట్రింగ్‌ని తప్ప మరిదేన్నీ తీసుకోదు. విలువ నిల్ అయితే రెండూ మౌనంగా ఊరుకుంటాయి. ఎఫ్ఎమ్‌టితో జాగ్రత్త, అది ఏ గుర్తునూ మార్చదు.

తెలుగులో పేజీలు రాసేవాళ్లకు ఇక్కడ ఇంకో సంగతి ఎదురవుతుంది. ఈఎస్‌సి మామూలుగా అయిదు గుర్తులనే కాక, 127 దాటిన కోడ్ ఉన్న ప్రతి అక్షరాన్నీ అంకెగా మార్చేస్తుంది. హెచ్‌టిఎమ్ఎల్5 పద్ధతిలో "పని" అనే మాట పేజీ సోర్సులో ఇలా ఉంటుంది:

```
&#3114;&#3112;&#3135;
```

బ్రౌజరులో "పని" అనే కనిపిస్తుంది, తప్పేమీ లేదు. కానీ యూటిఎఫ్-8లో 9 బైట్లు పట్టే మాట 21 బైట్లయింది. సోర్సు తెరిచి చదవబోతే కళ్లు తిరుగుతాయి. ఏ గుర్తులు మార్చాలో తేల్చే ఫంక్షన్‌ని మనదే పెట్టుకోవచ్చు:

```
(సెట్‌ఎఫ్ *ఎస్కేప్-చార్-పి*
      (లాంబ్డా (అక్షరం)
        (ఫైండ్ అక్షరం "<>&'\"")))
```

పేజీని యూటిఎఫ్-8గా పంపుతున్నంత కాలం ఆ అయిదూ మారిస్తే చాలు.

## యాట్రిబ్యూట్లు

యాట్రిబ్యూట్ విలువ చోట లిస్ప్ కోడ్ రాస్తే ఏ గుమ్మమూ అక్కర్లేదు, వచ్చిన విలువ తనంతట తానే పేజీలోకి వెళ్తుంది. ఇక్కడ నాకు బాగా నచ్చే ఏర్పాటు ఒకటుంది. విలువ నిల్ అయితే ఆ యాట్రిబ్యూటే రాదు. టి అయితే, హెచ్‌టిఎమ్ఎల్5 పద్ధతిలో పేరు ఒక్కటే వస్తుంది.

```
(:ఎల్ఐ :క్లాస్ (వెన్ (సెకండ్ పని) "అయింది")
  (:ఇన్‌పుట్ :టైప్ "చెక్‌బాక్స్" :చెక్డ్ (సెకండ్ పని))
  (ఈఎస్‌సి (ఫస్ట్ పని)))
```

అయిన పనికి టిక్కు పడుతుంది, క్లాసు తగులుకుంటుంది. కానిదానికి రెండూ ఉండవు. ఇదే పని వేరే టెంప్లేట్ భాషల్లో చేయాలంటే ట్యాగు మధ్యలో ఇఫ్‌లూ ఎండిఫ్‌లూ దూర్చాలి.

అయితే యాట్రిబ్యూట్ విలువల్లోని గుర్తులను సిఎల్-హూ మార్చదు. మామూలుగా అది విలువల చుట్టూ ఒంటి కొటేషన్ పెడుతుంది కాబట్టి, విలువలో ఒక్క ఒంటి కొటేషన్ ఉన్నా యాట్రిబ్యూట్ అక్కడే తెగిపోతుంది. బయటి నుంచి వచ్చిన మాటను అక్కడ పెట్టేటప్పుడు ఎస్కేప్-స్ట్రింగ్ మీరే పిలవాలి:

```
(:ఏ :హెచ్‌రెఫ్ (ఎస్కేప్-స్ట్రింగ్ లింకు) "చూడండి")
```

## హెచ్‌టిఎమ్ఎల్5 పద్ధతి

లైబ్రరీ మొదట ఎక్స్‌ఎమ్ఎల్ పద్ధతిలో ఉంటుంది, బిఆర్ లాంటి ఒంటి ట్యాగుల చివర గీత పెడుతుంది. మనకు కావలసింది హెచ్‌టిఎమ్ఎల్5. ట్యాగులు స్ట్రింగ్‌గా మారేది కంపైల్ వేళ అన్నాం కదా, అందుకని ఈ సెట్టింగు కూడా ఆ వేళకే అమల్లో ఉండాలి. ఫైల్లో ఉత్త సెట్‌ఎఫ్ రాస్తే అది లోడ్ అయ్యేటప్పుడే నడుస్తుంది, అప్పటికి పని అయిపోయి ఉంటుంది. ఇలా రాయండి:

```
(ఇవాల్-వెన్ (:కంపైల్-టాప్‌లెవెల్ :లోడ్-టాప్‌లెవెల్ :ఎగ్జిక్యూట్)
  (సెట్‌ఎఫ్ (హెచ్‌టిఎమ్ఎల్-మోడ్) :హెచ్‌టిఎమ్ఎల్5))
```

ఇది ఫైలు పైభాగంలో, మొదటి ట్యాగు కంటే ముందు ఉండాలి. ప్రాంప్ట్ దగ్గర బాగా వచ్చిన పేజీ, ఫైలు కంపైల్ చేశాక వేరేగా వస్తోందంటే కారణం దాదాపుగా ఇదే.

## పేజీని ముక్కలు చేయడం

పేజీ పెరిగేకొద్దీ ముక్కలుగా విడదీయక తప్పదు. ఫంక్షన్‌తో మొదలుపెడదాం:

```
(డెఫన్ పనుల-జాబితా (పనులు)
  (విత్-హెచ్‌టిఎమ్ఎల్-అవుట్‌పుట్ (*స్టాండర్డ్-అవుట్‌పుట్*)
    (:యూఎల్
      (డూలిస్ట్ (పని పనులు)
        (హెచ్‌టిఎమ్
          (:ఎల్ఐ (ఈఎస్‌సి (ఫస్ట్ పని))))))))
```

ఈ ఫంక్షన్ స్ట్రింగ్ ఇవ్వదు, నేరుగా ప్రవాహంలోకి రాస్తుంది. పిలిచే పేజీ కూడా అదే *స్టాండర్డ్-అవుట్‌పుట్* పేరుతో స్ట్రింగ్ పోగు చేస్తుంటే, ఇది రాసినది సరిగ్గా పిలిచిన చోటే పడుతుంది. కాబట్టి దాన్ని ఊరికే (పనుల-జాబితా *పనులు*) అని పిలిస్తే చాలు.

నేను మొదట్లో దాన్ని ఎస్‌టిఆర్‌లో చుట్టి పిలిచాను. జాబితా బాగానే వచ్చింది, కానీ దాని కింద ఎవరూ రాయని ముగింపు ట్యాగు </యూఎల్> ఒకటి వేలాడుతోంది. సాయంత్రమంతా బ్రాకెట్లు లెక్కపెట్టాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్రాంప్ట్ దగ్గర రెండుసార్లు కనిపించిన వాక్యం గుర్తుందా? ఇదీ అదే. ఫంక్షన్‌లో ఆఖరున నడిచేది </యూఎల్> రాసే రైట్-స్ట్రింగ్, అది తాను రాసిన స్ట్రింగ్‌నే తిరిగి ఇస్తుంది. జాబితా అంతా రాయడం అయ్యాక ఎస్‌టిఆర్ ఆ తిరిగొచ్చిన ముక్కను మరోసారి పేజీలో పెట్టింది. అప్పటినుంచి నా ఫంక్షన్లలో రెండే రకాలుంచాను. రాసేవాటిని ఊరికే పిలుస్తాను, స్ట్రింగ్ ఇచ్చేవాటిని ఎస్‌టిఆర్‌తో పిలుస్తాను. ఒకే ఫంక్షన్ రెండు పనులూ చేయదు.

అన్ని పేజీలకూ ఉమ్మడిగా ఉండే చట్రానికి మాక్రో బాగుంటుంది:

```
(డెఫ్‌మాక్రో పేజీ ((శీర్షిక) &బాడీ విషయం)
  `(విత్-హెచ్‌టిఎమ్ఎల్-అవుట్‌పుట్-టు-స్ట్రింగ్
       (*స్టాండర్డ్-అవుట్‌పుట్* నిల్ :ప్రోలోగ్ టి)
     (:హెచ్‌టిఎమ్ఎల్ :లాంగ్ "టిఇ"
       (:హెడ్
         (:మెటా :చార్‌సెట్ "యూటిఎఫ్-8")
         (:టైటిల్ (ఈఎస్‌సి ,శీర్షిక)))
       (:బాడీ ,@విషయం))))
```

ప్రోలోగ్ టి అంటే పేజీ తలమీద డాక్‌టైప్ పెట్టమని. మీరు రాసే విషయం మొత్తం సిఎల్-హూ చూడకముందే చట్రంలో ఒదిగిపోతుంది కాబట్టి లోపల ట్యాగులు నేరుగా రాసుకోవచ్చు.

పేజీ లోపల వాడే చిన్న మాక్రోల సంగతి వేరు. సిఎల్-హూ మీ మాక్రోని లిస్ప్ కోడ్ అనుకుని దాటిపోతుంది. తర్వాత ఆ మాక్రో విప్పుకుని సెక్షన్ ట్యాగు ఇచ్చిందనుకోండి, దాన్ని చూసే దిక్కుండదు. విప్పుకున్న రూపం కూడా గుమ్మం దాటి రావాలి:

```
(డెఫ్‌మాక్రో పెట్టె (పేరు &బాడీ విషయం)
  `(హెచ్‌టిఎమ్
     (:సెక్షన్
       (:హెచ్2 (ఈఎస్‌సి ,పేరు))
       ,@విషయం)))
```

ఫంక్షనా, మాక్రోనా అని తేల్చుకోలేకపోతే ఫంక్షన్ రాయండి. ముక్క లోపల వేరే ట్యాగులు నింపే వీలు కావాలనుకున్నప్పుడే మాక్రో. మాక్రో మారిస్తే దాన్ని వాడిన ప్రతి చోటా మళ్లీ కంపైల్ చేయాలి, ఫంక్షన్‌కి ఆ బాధ లేదు.

## స్క్రిప్ట్, స్టైల్, ఖాళీలు

స్క్రిప్ట్ ట్యాగు లోపల ఈఎస్‌సి పనికిరాదు, బ్రౌజరు అక్కడ &తో మొదలయ్యే గుర్తులను విప్పదు. జావాస్క్రిప్ట్‌ని వేరే ఫైల్లో పెట్టి, పేజీ నుంచి దానికి ఇవ్వాల్సిన విలువలను డేటా యాట్రిబ్యూట్లలో ఎస్కేప్-స్ట్రింగ్‌తో ఇవ్వడం నాకు తెలిసిన వాటిలో క్షేమమైన దారి.

మాక్రోకి :ఇండెంట్ టి ఇస్తే సోర్సు అందంగా వరసలు తీరుతుంది. తప్పు వెతికేటప్పుడు పెట్టుకోండి, పని అయ్యాక తీసేయండి. పక్కపక్కన ఉండాల్సిన ట్యాగుల మధ్య ఆ ఖాళీలు తెర మీద కూడా కనిపిస్తాయి.

ఈఎస్‌సి ప్రతిసారీ గుర్తుంచుకోవడం కష్టమనిపిస్తే స్పినరెట్ అనే ఇంకో లైబ్రరీ ఉంది, అది అడగకుండానే గుర్తులను మారుస్తుంది. చాలామంది కలిసి రాసే ప్రాజెక్టుకి నేను దాన్నే సూచిస్తాను. నేర్చుకోవడానికి మాత్రం సిఎల్-హూ మేలు, ఏది ఎక్కడ జరుగుతోందో కళ్ల ముందే ఉంటుంది.

## బ్రౌజరులో చూడటం

హంచెన్‌టూట్‌ని కూడా క్విక్‌లోడ్ చేసి, పేజీని ఒక చిరునామాకి తగిలిద్దాం:

```
(హంచెన్‌టూట్:డిఫైన్-ఈజీ-హ్యాండ్లర్
    (మొదటి-పేజీ :యూఆర్ఐ "/") ()
  (పేజీ ("నా పనులు")
    (:హెచ్1 "నా పనులు")
    (పెట్టె "చేయాల్సినవి"
      (పనుల-జాబితా *పనులు*))
    (:పి (ఎఫ్ఎమ్‌టి "~డి పనులు మిగిలాయి"
                (కౌంట్ నిల్ *పనులు* :కీ #'సెకండ్)))))

(హంచెన్‌టూట్:స్టార్ట్
  (మేక్-ఇన్‌స్టాన్స్ 'హంచెన్‌టూట్:ఈజీ-యాక్సెప్టర్ :పోర్ట్ 4242))
```

బ్రౌజరులో మీ కంప్యూటరు చిరునామాకి 4242 పోర్టు చేర్చి తెరవండి. మూడు పనులూ, కింద "2 పనులు మిగిలాయి" అనీ కనిపించాలి. రెండో పని దగ్గర <బి> అన్న అక్షరాలు అక్షరాలుగానే కనిపించాలి, దాని కింది వరస మామూలు మందంలోనే ఉండాలి. ఇప్పుడు ఎడిటర్‌కి వెళ్లి, పనుల-జాబితా ఫంక్షన్‌లోని ఎల్ఐని యాట్రిబ్యూట్ల భాగంలో రాసిన చెక్‌బాక్స్ రూపంతో మార్చి, ఆ ఒక్క ఫంక్షన్‌ని కంపైల్ చేయండి. సర్వర్ని ఆపొద్దు. పేజీ రిఫ్రెష్ చేయగానే మొదటి పనికి టిక్కు పడి ఉంటుంది.